మన వంటింటి పులుపు: పులియబెట్టిన ఆహారాన్ని రోజువారీ భోజనంలో చేర్చుకోవడం

పులిసిన ఆహారాన్ని భోజనంలోకి తెచ్చుకోవాలనుకునేవారు ముందుగా బజారుకు వెళ్లవలసిన పని లేదు. తెలుగు ఇళ్లలో ప్రతి రాత్రీ పాలు తోడుకుంటూనే ఉన్నాయి, వారానికి రెండు మూడు సార్లు ఇడ్లీ పిండి పొంగుతూనే ఉంది, ఎండాకాలం రాగానే అంబలి కాగుతూనే ఉంది. అయితే నగర జీవితంలో మనం రెండు విషయాలు పోగొట్టుకున్నాం. ఒకటి, పులిసినదాన్ని మళ్లీ పొయ్యి ఎక్కించకుండా, అందులోని సూక్ష్మజీవులు బతికి ఉండగానే తినే అలవాటు. రెండోది, అది పులిసిందో లేదో గడియారాన్ని బట్టి కాక, ఆనాటి వేడిని బట్టి, వాసనను బట్టి తెలుసుకునే నేర్పు.

హైదరాబాద్‌లో ఉండేవారికి ఈ రెండోది మరీ ముఖ్యం. మే నెలలో ఇక్కడ పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి; డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అది 15 డిగ్రీల దగ్గరకు, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది. పులియబెట్టే సూక్ష్మజీవులకు ఈ రెండు కాలాలూ ఒకటి కావు. అందుచేత ఏ వంట పుస్తకంలోనైనా ‘ఎనిమిది గంటలు ఉంచండి’ అని ఉంటే, అది మన ఊరికి ఏడాదిలో కొన్ని నెలలపాటే సరిపోయే మాట అని గుర్తుంచుకోవాలి. పైగా ఏసీ నడిచే గదికి ఆనుకున్న వంటిల్లు, పడమటి ఎండ పడే వంటిల్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నా వేర్వేరు ఊళ్ల లెక్కే. చవకైన గది థర్మామీటరు ఒకటి వంటింటి గోడకు తగిలించుకుంటే, ఈ పనిలో దానంత ఉపకరించే పనిముట్టు మరొకటి ఉండదు.

పులియడం అంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం. పాలలోనో, పిండిలోనో, కూరగాయలలోనో ఉన్న చక్కెరలను లాక్టిక్ ఆమ్లాన్నిచ్చే బ్యాక్టీరియా తిని, ఆ ఆమ్లాన్ని విడుస్తుంది. పులుపు పెరిగేకొద్దీ పదార్థాన్ని కుళ్లబెట్టే క్రిములకు అక్కడ చోటు దొరకదు. ఆమ్లతను కొలిచే పీహెచ్ 4.6 కంటే తగ్గితే, ప్రాణాంతకమైన బొటులినం క్రిమి కూడా పెరగలేదు. అంటే పులుపు ఇక్కడ రుచి మాత్రమే కాదు, కాపలా కూడా. ఆ పులుపు ఎంత త్వరగా ఏర్పడితే ఆహారం అంత భద్రం. అది ఏర్పడకముందు గడిచే మొదటి గంటలలోనే ప్రమాదం ఎక్కువ. కింద చెప్పే పద్ధతులలో మజ్జిగ కలపడం, ఉప్పు తూచి వేయడం, ముక్కలను నీటిలో ముంచి ఉంచడం అనేవన్నీ ఆ మొదటి గంటలను దాటించడానికే.

ప్రయోజనం సంగతికి వస్తే, 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 36 మంది పెద్దలను రెండు బృందాలు చేసి, పది వారాలపాటు ఒక బృందానికి పులిసిన ఆహారాన్ని, మరొక బృందానికి పీచు ఎక్కువగా ఉన్న ఆహారాన్ని పెంచి ఇచ్చారు. పులిసిన ఆహారం తిన్నవారి పేగులలో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే 19 రకాల ప్రోటీన్లు తగ్గాయి. ఇది చిన్న అధ్యయనమే కనుక దీని ఆధారంగా పెరుగన్నంతో జబ్బులు నయమవుతాయని ఎవరూ చెప్పకూడదు. కానీ పులియడం వల్ల గింజలలోని ఫైటిక్ ఆమ్లం తగ్గి ఇనుము, జింకు మన ఒంటికి ఎక్కువగా పడతాయన్నది, పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడుతుందన్నది బాగా తెలిసిన విషయాలు. రోజూ తినడానికి ఈ మాత్రం కారణం చాలు.

పెరుగుతో మొదలు

పెరుగు ప్రతి ఇంట్లో ఉన్నదే కదా అని దాటవేయకుండా, ముందు దాన్నే సరిగా చేయడం నేర్చుకోవాలి. అర లీటరు పాలను కాచి, ఒక పొంగు వచ్చాక మరో ఐదు నిమిషాలు సన్నని సెగ మీద ఉంచి దించాలి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే ఉంటుంది, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉంటుంది. గట్టి పెరుగు కావాలంటే రెండోది వాడవచ్చు, లేదా టోన్డ్ పాలనే కాస్త ఎక్కువసేపు మరిగించి చిక్కబరచవచ్చు. పాలు 40 నుంచి 45 డిగ్రీల మధ్యకు చల్లారాలి. శుభ్రంగా కడిగిన చిటికెన వేలు ముంచి, పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే అది సరైన వేడి. చురుక్కుమని తీసేయవలసి వస్తే తోడు చచ్చిపోతుంది. వేసవిలో అర చెంచా తోడు, చలికాలంలో నిండు చెంచా తోడు, రెండు చెంచాల పాలలో బాగా గిలకొట్టి కలపాలి.

తోడుకుందో లేదో చూడడానికి గిన్నెను కదపకుండా, ఒక పక్కకు కొంచెం వంచాలి. పైభాగం జారకుండా గిన్నెతో పాటే ఒక్క ముక్కగా వంగి, అంచు దగ్గర దారంలా సన్నని తేట కనబడితే పెరుగు తయారైనట్టే. మే నెలలో ఇది నాలుగైదు గంటలలోనే జరుగుతుంది, జనవరిలో తొమ్మిది పది గంటలు పడుతుంది. ఆ క్షణంలో ఫ్రిజ్‌లో పెడితే కమ్మగా ఉంటుంది. మరో మూడు గంటలు బయట ఉంచితే పులుస్తుంది. చలికాలంలో గిన్నెను బియ్యం డబ్బాలో కూర్చోబెట్టడం, పాత దుప్పటి చుట్టడం మన పెద్దవాళ్లు చేసిన పనే, ఇప్పటికీ అంతకు మించిన ఉపాయం లేదు.

ఇక్కడొక మాట నొక్కి చెప్పాలి. ఆవిర్లు కక్కే అన్నంలో పెరుగు కలిపితే, లేదా మజ్జిగపులుసు మరిగిస్తే, రుచి ఉంటుంది, పోషకాలు చాలావరకు ఉంటాయి, బతికి ఉన్న సూక్ష్మజీవులు మాత్రం ఉండవు. పెరుగుపచ్చడిలో, దద్దోజనంలో పోపు వేసేటప్పుడు కూడా దాన్ని పూర్తిగా చల్లారనిచ్చి కలపాలి. నెలల తరబడి బయట నిల్వ ఉండే డబ్బా మజ్జిగలను వేడి చేసి నింపుతారు కనుక వాటిని ఈ లెక్కలోకి తీసుకోకూడదు.

చద్దన్నం, అంబలి

రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున తినే అన్నాన్ని తెలంగాణలో సద్ది అంటారు, కోస్తాలో చద్దన్నం అంటారు. అన్నం మీద పోసే పులిసిన గంజిని, దాన్ని దాచే కుండను తరవాణి అనే పేరుతో పిలిచిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. పొలం పనికి వెళ్లేవారు పొద్దున్నే తిని వెళ్లిన భోజనం ఇది. ఖర్చు లేదు, కొత్త వస్తువు లేదు, అయినా జాగ్రత్త మాత్రం అన్నిటికంటే ఎక్కువగా దీనికే కావాలి. కారణం ఏమిటంటే, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉంటాయి, అవి అన్నం ఉడికినా చావవు, వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా బయట ఉంటే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మధ్యాహ్నం వండి కుక్కర్‌లోనే వదిలేసిన అన్నాన్ని రాత్రి పదింటికి నీళ్లలో వేస్తే అది చద్దన్నం కాదు, అపాయం.

అందుచేత రాత్రికి వండిన అన్నంలో చద్దికి కావలసినంత ముందే తీసి, వెడల్పాటి పళ్లెంలో పరచి, గంటలోపు పూర్తిగా చల్లార్చాలి. దాన్ని మట్టి ముంతలోనో, గాజు గిన్నెలోనో వేసి, కాచి చల్లార్చిన నీళ్లు అన్నానికి రెండు వేళ్ల పైకి వచ్చేలా పోసి, రెండు చెంచాల పుల్లని మజ్జిగ తప్పకుండా కలపాలి. మజ్జిగలోని ఆమ్లం, దానిలోని మంచి బ్యాక్టీరియా చెడ్డ క్రిములకు ముందే చోటు ఆక్రమిస్తాయి. పలుచని బట్ట కట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట పెట్టాలి. హైదరాబాద్ చలికాలంలో పది, పన్నెండు గంటలు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆరేడు గంటలు చాలు కాబట్టి, రాత్రి పడుకోబోయే ముందు నానబెట్టి తెల్లవారగానే తినాలి. సన్నబియ్యం కంటే దొడ్డుబియ్యం మెత్తబడకుండా నిలుస్తుంది.

పొద్దున మూత తీస్తే నీరు కొద్దిగా తెల్లబడి, పాల మీగడ పులిసినట్టు ఒక తేలికైన వాసన రావాలి. మెతుకు వేళ్ల మధ్య నలిగితే మెత్తగా చిదమాలే తప్ప జిగురుగా తీగలు సాగకూడదు. తీగ సాగినా, కుళ్లు వాసన వచ్చినా, పైన ఏ రంగు తేలినా, రుచి చూసి తేల్చుకుందామని నాలుక మీద పెట్టకుండా పారబోయాలి. బాగున్న చద్దన్నాన్ని ఆ నీటితో సహా గిన్నెలో వేసుకుని, ఉప్పు, ఇంకొంచెం మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుని తింటే వేసవి పొద్దుటికి అంతకు మించిన ఫలహారం లేదు. రెండో పూటకు దాచకూడదు. చద్దన్నంతో బీ12 విటమిన్ వస్తుందని చాలామంది నమ్ముతారు. దాని మీద ఆధారపడకూడదు, శాకాహారులు ఆ విటమిన్‌ను పాలు, పెరుగు నుంచో, వైద్యుల సలహాతో మందుల రూపంలోనో పొందాలి.

అంబలి ఇంతకంటే సులువు. నాలుగు చెంచాల జొన్నపిండిని గానీ రాగిపిండిని గానీ ఒక గ్లాసు నీటిలో రాత్రి కలిపి ఉంచితే, తెల్లవారేసరికి పైన చిన్న చిన్న నురుగు బుడగలు వచ్చి కాస్త పుల్లబడుతుంది. మూడు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, ఆ పిండినీళ్లు పోస్తూ ఉండకట్టకుండా కలిపి, పది నిమిషాలు ఉడికించాలి. ఉడికించగానే బ్యాక్టీరియా చనిపోతుంది, కానీ రాత్రంతా పులియడం వల్ల పిండిలో జరిగిన మేలు పోదు. పూర్తిగా చల్లారాక ఒక గ్లాసు మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపితే బతికి ఉన్న బ్యాక్టీరియా కూడా మళ్లీ చేరుతుంది. ఎండాకాలంలో రోడ్ల పక్కన బండ్ల మీద అమ్మే అంబలి చూసి ఇది పెద్ద పని అనుకునేవారు ఒకసారి ఇంట్లో చేసి చూడాలి.

ఇడ్లీ, దోసె పిండి గురించి తెలుగువారికి కొత్తగా చెప్పేది తక్కువే. పిండిని పొంగించే ల్యూకోనాస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియా చాలావరకు మినపపప్పుతోనే వస్తుంది. కాబట్టి ప్రత్యేకంగా సోడాగానీ ఈస్ట్‌గానీ కలపనవసరం లేదు. ఒక గ్లాసు మినపపప్పుతో అర చెంచా మెంతులు నానబెట్టి, మిక్సీలో రుబ్బేవారు పిండి వేడెక్కకుండా చల్లని నీళ్లు పోసి, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలిపి, గిన్నెలో సగం ఖాళీ వదలాలి. వేసవిలో ఉప్పు ముందే వేస్తే పులుపు కాస్త నెమ్మదిస్తుంది, చలికాలంలో పొంగాక వేయవచ్చు. ఆవిరికి ఉడికిన ఇడ్లీలో బతికి ఉన్న బ్యాక్టీరియా ఉండదు, అయినా అది పులిసిన ఆహారమే, తేలికగా అరుగుతుంది.

ఉప్పునీటిలో ఊరిన కూరగాయలు

ఇది మనలో చాలామందికి కొత్త పద్ధతి, నేను అన్నిటికంటే ఎక్కువ ఇష్టపడేది కూడా ఇదే. మన ఆవకాయను దీనితో కలపకూడదు. ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి, నూనె అంత మోతాదులో ఉండడం వల్ల అందులో లాక్టిక్ బ్యాక్టీరియా పెరగడానికి అవకాశం చాలా తక్కువ. అది నిల్వ కోసం పెట్టేది, తినేదీ చిన్న ముక్కే. నిమ్మరసంలోగానీ వెనిగర్‌లోగానీ వేసిన ముక్కలు కూడా పులిసినవి కావు, పులుపులో నానినవి మాత్రమే.

క్యారెట్, ముల్లంగి, కాలీఫ్లవర్, కొన్ని పచ్చిమిరపకాయలు, దొరికితే మామిడల్లం తీసుకోవాలి. రైతుబజారు నుంచి పొద్దున తెచ్చినవి, ఎక్కడా మెత్తబడనివి మంచివి. బాగా కడిగి, వేలెడు పొడవు ముక్కలు కోసి, వెడల్పు మూతి గాజు సీసాలో నిలువుగా కూరాలి. బేగంబజార్‌లో ఇలాంటి సీసాలు, జాడీలు ఎన్ని పరిమాణాల్లోనైనా దొరుకుతాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక నీటిని కాచి చల్లార్చి, లీటరుకు 35 నుంచి 40 గ్రాముల దొడ్డుప్పు కరిగించాలి. ఉప్పును చెంచాతో కొలవవద్దు. సన్న ఉప్పు, దొడ్డుప్పు చెంచాకు ఒకే బరువు తూగవు, చిన్న తూకం యంత్రంతో తూచడమే మేలు. నాలుగైదు వెల్లుల్లి రేకులు, అర చెంచా ఆవాలు, రెండు మిరియాలు వేసి, ముక్కలన్నీ మునిగి ఇంకా ఒక అంగుళం నీరు పైకి ఉండేలా పోయాలి. క్యాబేజీ ఆకు మడిచి పైన కప్పి, దాని మీద చిన్న గాజు గ్లాసు బరువుగా పెడితే ఏ ముక్కా పైకి తేలదు.

ఈ చివరి మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక జనవరిలో నేను పెట్టిన సీసా ఏడు రోజులకు ఎంతో చక్కగా ఊరింది. అదే ఉత్సాహంతో ఏప్రిల్ నెలాఖరులో మళ్లీ పెట్టి, అవే ఏడు రోజులు లెక్కగట్టి, పైన బరువు పెట్టకుండా వదిలేశాను. మూత తీసేసరికి ఒక క్యారెట్ ముక్క నీటి పైకి తేలి, దాని మీద నల్లని నూగులాంటి బూజు పట్టి ఉంది, కింది ముక్కలు వేలితో నొక్కితే నీరుకారిపోయాయి. ఆ ఒక్క ముక్క తీసేసి మిగిలినవి తినవచ్చని ఇంట్లో అన్నారు గానీ, బూజు పైకి కనబడేది కొంతే, దాని వేళ్లు, విషాలు లోపలికి దిగుతాయి కనుక సీసా మొత్తం పారబోశాను. అప్పటి నుంచి గోడ మీది థర్మామీటరు చూడకుండా సీసా పెట్టలేదు.

ఈ పద్ధతికి 18 నుంచి 22 డిగ్రీల వేడి అన్నిటికంటే అనుకూలం, అంటే హైదరాబాద్‌లో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి దాకా కాలమే మనకు సహాయం చేస్తుంది. అప్పుడు ఆరు నుంచి ఎనిమిది రోజులు పడుతుంది. 30 డిగ్రీలు దాటిన వంటింట్లో రెండు మూడు రోజులకే రుచి చూసి ఫ్రిజ్‌లోకి మార్చాలి. రెండో రోజు నుంచి ముక్కల అంచులను పట్టుకుని గుండుసూది తలంత బుడగలు కనబడతాయి, సీసాను మెల్లగా తడితే అవి వరుసగా పైకి లేస్తాయి. నీరు మబ్బుపడుతుంది. అది చెడిపోయిన గుర్తు కాదు, పని జరుగుతున్న గుర్తు. బుడగలతో పాటు వాయువు పెరుగుతుంది కనుక మూత బిగించి మరచిపోకుండా, రోజుకొకసారి కింద పళ్లెం పెట్టి వదులు చేయాలి. పైన పలుచగా, తెల్లగా, ముడతల పొరలా కనబడేది ఒక రకం ఈస్ట్. దాన్ని తీసేసి సీసాను ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది. నూగు ఉన్నది, నల్లగా, పచ్చగా, గులాబిరంగుగా ఉన్నది ఏదైనా బూజుగానే లెక్కించాలి.

ఇదే సూత్రంతో చేసే పానీయం ఉత్తరాదివారి కాంజీ. వారు హోళీకి ముందు ముదురు రంగు క్యారెట్లతో చేస్తారు. మనం మామూలు క్యారెట్లు రెండు, ఒక బీట్‌రూట్ పొడవు ముక్కలుగా కోసి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో రెండు చెంచాల ఆవపొడి, 20 గ్రాముల ఉప్పు, అర చెంచా కారం కలిపి, బట్ట కట్టి, రోజూ కడిగిన గంటెతో ఒకసారి తిప్పుతూ ఉంచితే, ఫిబ్రవరి ఎండలో మూడు రోజులకు ఘాటుగా, పుల్లగా తయారవుతుంది. పులుపు తేలిందంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు ముగించాలి. ఆవ ఘాటు తెలిసిన నాలుకకు ఇది పరాయి రుచి కాదు. టీ, చక్కెరతో చేసే కొంబుచా గురించి చాలామంది అడుగుతుంటారు. దానిలో చక్కెరా కొద్దిపాటి ఆల్కహాలూ మిగులుతాయి, శుభ్రత తప్పితే చెడిపోవడం కూడా సులువు. ముందు పైన చెప్పినవి ఒక ఏడాది చేసి చేయి కుదిరాక దాని జోలికి వెళ్లడం మంచిది.

ఎంత తినాలి, ఎవరు ఆగాలి

ఒక్కరోజే పెరుగుపచ్చడి, చద్దన్నం, కాంజీ అన్నీ మొదలుపెడితే కడుపు ఉబ్బరించి, నాలుగో రోజుకు అన్నీ మానేయడం చాలాచోట్ల జరుగుతోంది. మొదటి వారం మధ్యాహ్న భోజనంతో అర గ్లాసు మజ్జిగ మాత్రమే తీసుకోవాలి. రెండో వారం దాన్ని గ్లాసు చేసి, వారానికి రెండు పొద్దులు అంబలి గానీ చద్దన్నం గానీ చేర్చాలి. మూడో వారం నుంచి ఊరిన ముక్కలు రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి, రెండు మూడు చెంచాల దగ్గర ఆపాలి. కడుపులో వాయువు పెరిగితే మానేయనవసరం లేదు, ముందటి వారం మోతాదుకు దిగి నాలుగు రోజులు ఆగితే చాలు. కాంజీ వంద మిల్లీలీటర్లకు మించనవసరం లేదు.

మోతాదు విషయంలో ఉప్పును లెక్కలో పెట్టుకోవాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పుకు మించవద్దని చెబుతోంది. ఊరిన ముక్కలు 30 గ్రాములు తింటే ఒక గ్రాము దాకా ఉప్పు అందులోనే రావచ్చు, కాబట్టి ఆ పూట కూరలోనూ చారులోనూ అంత తగ్గించాలి, పక్కన అప్పడం, ఆవకాయ పెట్టుకోకూడదు. రక్తపోటు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఊరిన ముక్కలు, కాంజీ మానుకుని, ఉప్పు వేయని పెరుగు, మజ్జిగలను కూడా తమ వైద్యులు చెప్పిన మేరకే తీసుకోవాలి.

అవయవ మార్పిడి జరిగినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ఇంట్లో పులియబెట్టినవి ఏవైనా వైద్యుణ్ని అడగకుండా తినకూడదు. గర్భిణులు చద్దన్నం వంటివి కూడా అడిగే తినాలి. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారికి, మానసిక కుంగుబాటుకు ఇచ్చే కొన్ని పాత రకం మందులు వాడేవారికి బాగా పులిసిన పదార్థాలలోని టైరమిన్ అనే రసాయనం వల్ల గుండె దడ, తలనొప్పి, రక్తపోటు పెరగడం కలగవచ్చు. పులిసినవి తిన్నప్పుడల్లా ఒంటి మీద దద్దుర్లు, పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు వాటిలోని హిస్టమిన్ అనే రసాయనం తమకు పడడం లేదేమో గమనించి ఆపాలి.

ప్రతి సీసా మీద పెట్టిన తేదీ, ఆనాటి వంటింటి వేడి చిన్న చీటీ మీద రాసి అంటించడం అలవాటు చేసుకోవాలి. ఒక ఏడాది గడిచేసరికి మీ వంటింటికి సరిపోయే లెక్క మీ దగ్గరే తయారవుతుంది. జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక బూజు త్వరగా పడుతుంది. ఆ నెలల్లో కొత్త సీసాలు పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉన్నవి తింటూ, పెరుగు, మజ్జిగ, అంబలితో గడిపి, కార్తీకం చలి తగలగానే మళ్లీ ముల్లంగి, క్యారెట్ తెచ్చుకోవచ్చు.